విషం ఇంకా రాని కప్పలు

మా మిక్సీ మూత లోపల ఒక రబ్బరు వాషరు ఉంటుంది. అది అరిగితే కొబ్బరి పచ్చడి గోడమీదికి వెళ్తుంది. అరిగిన వాషరు జేబులో వేసుకుని మొన్న సుపేలా బజారులో నాలుగు దుకాణాలు తిరిగాను. నలుగురూ ఇచ్చారు. నాలుగింటిలో ఒక్కటీ పట్టలేదు. పట్టలేదని తిరిగి వెళ్తే నలుగురిదీ ఒకే మాట: "సేమ్ టు సేమ్ హై, భాయ్‌సాబ్." వాషర్లు కలవలేదు గాని, మాటలు మాత్రం ఒకే అచ్చులో పోసినట్టు కలిశాయి.

దీనిమీద గట్టిగా దెబ్బలాడే హక్కు నాకు లేదు. ఉక్కు ప్లాంటు స్టోర్సులో చేరిన కొత్తలో నేను నేర్చుకున్న మొదటి విద్య ఇదే. మిల్లునుంచి ఫలానా బేరింగు కావాలని చీటీ వస్తుంది. ఆ నంబరుది మా దగ్గర ఉండదు. దాని లోపలి కొలత, బయటి కొలత, మందం చూసి, అవే కొలతలున్న ఇంకో కంపెనీ బేరింగు తీసి ఇస్తాం. చీటీమీద 'ఈక్వివలెంట్' అని రాస్తాం. మిల్లు తిరుగుతుంది, అందరికీ సంతోషం. బీకామ్ చదివినవాడు ఇంజనీర్ల మధ్య తల ఎత్తుకు తిరగాలంటే ఇలాంటి మాట ఒకటి చేతిలో ఉండాలి. కొలతలు కలిస్తే వస్తువు కలిసినట్టే అని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. ఆ నమ్మకాన్ని ఒకసారి కప్పలమీద కూడా వాడి చూశాను.

ఎనభైల మొదట్లో సంగతి. మేము అప్పుడు రుఆబాంధాలో ప్లాంటువాళ్ళ చివరి వరస క్వార్టర్లలో ఉండేవాళ్ళం. పెరటి కంచె దాటితే వరి పొలాలే. నాన్న విజయనగరం వైపునుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్ అయ్యాడు. నేను స్టోర్సులో గుమాస్తాని. చెల్లి దుర్గ్‌లో ఎమ్మెస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరం. మా వంశంలో ఫస్టుక్లాసు అన్నది తెచ్చుకున్న మనిషి తనొక్కతే. ఆ సంగతి తను ఎవరికీ చెప్పలేదు. అమ్మా నాన్నా నేనూ ఎవరికి వాళ్ళం విడిగా వెళ్ళి వీధంతా చెప్పి వచ్చాం.

చెల్లి ప్రాజెక్టు గోండ్రుకప్పలమీద. వానలు మొదలవగానే బూట్లలోకీ నీళ్ళ బిందె వెనక్కీ చేరి, ఒంటినిండా బుడిపెలతో, రిటైరైన హెడ్మాస్టరులా కదలకుండా కూర్చుంటాయే, అవి. కళ్ళ వెనక రెండు పక్కలా చిక్కుడు గింజల్లా ఉబ్బి ఉంటాయి. అవి విషపు గ్రంథులు. ఒంటిమీది బుడిపెలూ చిన్న సైజు గ్రంథులే. కుక్క కరుచుకుంటే వాటిలోంచి తెల్లటి పాలలాంటిది వస్తుంది, కుక్క నోట నురగ కడుతుంది. బతికి బట్ట కడితే ఆ కుక్క ఇంకెప్పుడూ కప్ప వైపు చూడదు. మనుషులకి భయం లేదనీ, ముట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకోకుండా ఉంటే చాలనీ చెల్లి చెప్పేది. అమ్మ సిద్ధాంతం వేరు. కప్ప ఉచ్చ పోస్తే ఉలిపిరికాయలు వస్తాయని ఆవిడకి చిన్నప్పటినుంచీ తెలుసు. ఎమ్మెస్సీ వాళ్ళకి ఆ మాత్రం తెలియకపోవడం ఆవిడకి వింతగా ఉండేది.

ఈ గ్రంథులు పుట్టుకతో రావు. ఏ వయసులో, ఏ వరసలో వస్తాయి అన్నదే చెల్లి చూడవలసింది. జూలైలో పొలం గట్టు పక్క గుంటలోంచి గుడ్లు పట్టుకొచ్చింది. జిగురు దారానికి ఆవాలు గుచ్చినట్టు పొడుగ్గా దండలా ఉన్నాయి. ఆ గుడ్లలో విషం ఉంటుందట. అది తల్లి కప్ప తన ఒంట్లోది పంచి పెట్టిన విషం. తోకకప్ప ఆ పంపకంతోనే మొదటి రోజులు గడుపుతుంది. పెరుగుతున్నకొద్దీ అది పల్చబడిపోతుంది. కాళ్ళు వచ్చి, తోక కరిగి, గట్టెక్కే వేళకి దాని దగ్గర దాదాపు ఏమీ మిగలదు. నీళ్ళలోంచి బయటికి వచ్చిన తరవాతే దాని చర్మం తన గ్రంథులు తాను కట్టుకోవడం, తన విషం తాను చేసుకోవడం మొదలుపెడుతుంది. ఆ మధ్యలో కొన్ని వారాలు కాకికి, పాముకి, ఎవరికి దొరికితే వాళ్ళకి అది పప్పులో ముక్క. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వచ్చేలోపు మనవాళ్ళ పరిస్థితి కూడా అదే గదా అన్నాను. చెల్లి నవ్వలేదు. రాసుకునేటప్పుడు తను నవ్వదు.

ఆగస్టు నడిమికి ముప్ఫై అయిదు పిల్లకప్పలు గట్టెక్కాయి. కందిగింజ కంటే కొంచెం పెద్దవి. తొమ్మిదింటిని గాజు తొట్టెలో పెట్టి తన గది కిటికీ దగ్గర ఉంచుకుంది. మిగతా ఇరవై ఆరూ పెరట్లో జామచెట్టు కింద, పాత కూలరు అడుగు రేకులో తడిమట్టి పోసి అందులో వదిలింది. పైన జల్లెడ వల, వలమీద ఇటిక. ప్రతి ఆదివారం పొద్దున్న ఒక్కొక్కదాన్నీ తడి దూదిమీద కూర్చోబెట్టి, నాన్న ఇచ్చిన వెర్నియరుతో పొడుగు కొలిచి, భూతద్దంలో చర్మం చూసి నోటుబుక్కులో రాసేది. నాన్న ఆ వెర్నియరు నాకెప్పుడూ ఇవ్వలేదు. నేనెప్పుడూ అడగలేదు కూడా, అడిగితే ఎందుకని అడుగుతాడని.

ఆ నోటుబుక్కుమీద చాలా ఆధారపడి ఉంది. ఈ కప్పలు గుడ్లు పెట్టేది వానల్లోనే. ఈ పిల్లలు పోతే మళ్ళీ గుడ్లు వచ్చే ఏడే. రికార్డు శుభ్రంగా ఉంటే విశాఖపట్నంలో తనకి తెలిసిన ఆచార్యుడికి ఉత్తరం రాస్తానని, పరిశోధనకి అక్కడ చేర్పిస్తానని కాలేజీలో చెల్లి గైడు మాట ఇచ్చాడు. అలాంటి మాట ఆయన అంతకుముందు ఎవరికీ ఇవ్వలేదు. అందుకని ఆ రేకు పక్కనుంచి మేమందరం మెల్లగా నడిచేవాళ్ళం. నాన్న సైకిలు కూడా ఎత్తి పట్టుకు వెళ్ళేవాడు.

శ్రావణమాసంలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి వచ్చింది. చెల్లికి తోటిపెళ్ళికూతురి వరస, వెళ్ళక తప్పదు. అమ్మా తనూ రైలెక్కారు; పన్నెండు రోజులు. నాకు సెలవు దొరకలేదు, నాన్నకి మిల్లు. కప్పల బాధ్యత నామీద పడింది. చెల్లి ఒక కాగితం నిండా రాసి గోడకి అంటించింది: రోజుకి రెండుసార్లు చెదలు వెయ్యాలి, మట్టి తడపాలి, లెక్కపెట్టి నోటుబుక్కులో రాయాలి, వల మూసి ఇటిక పెట్టాలి. 'ఇటిక' కింద రెండు గీతలు గీసింది. బీకామ్ చదివినవాడికి ఇటిక గురించి రెండు గీతలు అవసరమా అని నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది.

నాలుగో రోజు పొద్దున్న చెదలు వేశాను. వల మూశాను. ఇంతలో పంక్చరైన నా సైకిలు సంగతి గుర్తొచ్చి, నడిచి వెళ్ళాలి గదా అని తొందరపడ్డాను. ఇటిక పక్కనే ఉంది. దాన్ని చూసిన జ్ఞాపకం కూడా ఉంది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి పక్కింటి చాచీ మా పెరట్లో నిలబడి ఉంది. ఆవిడ ఛత్తీస్‌గఢీ మనిషి, భర్తకి ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్సులో పని. ఆవిడకి మూడు కోళ్ళు. వల ఒక పక్కకి ఒరిగి ఉంది. రేకులో మట్టి అంతా కెలికి ఉంది. మూలన ఉన్న పెంకు కింద మూడు పిల్లకప్పలు మిగిలాయి. నేను ఏమీ అడక్కముందే, తన కోళ్ళే తిన్నాయనీ, తను చూసి తోలేసరికే అయిపోయిందనీ, దీదీ, అంటే మా చెల్లి, రాగానే చెప్పమనీ అంది. ఆవిడకి ఇంకో దిగులు కూడా ఉంది. అంతకుముందు ఏడాది మా వీధి కుక్క ఒకటి గోండ్రుకప్పని కరిచి గిలగిల్లాడడం ఆవిడ చూసింది. తన కోళ్ళు చచ్చిపోతాయేమోనని.

అక్కడ నేను నా పాండిత్యం అంతా చూపించాను. చిన్నపిల్లలకి విషం ఉండదు చాచీ, తల్లి ఇచ్చింది అయిపోయి ఉంటుంది, సొంతది ఇంకా రాదు అని చక్కటి హిందీలో చెప్పాను. ఆవిడ నమ్మలేదు. సాయంత్రందాకా కోళ్ళ ముందు పీట వేసుకుని కూర్చుంది. వాటికి ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున్న ఒకటి గుడ్డు కూడా పెట్టింది. ఆ కబురు ఆవిడ వచ్చి చెబితే నా చదువుకి నేనే మురిసిపోయాను. ఆ మురిపెంలోనే, ఈ సంగతి దీదీకి చెప్పొద్దు అని కూడా అన్నాను.  ఆవిడ తనంతట తాను చెప్పననీ, అడిగితే మాత్రం ఉన్నది చెప్తాననీ అంది. అది నాకు సరిపోయింది. అడగవలసిన అవసరం చెల్లికి ఎందుకు వస్తుంది?

మా చెల్లి ఏడాది పోతుంది. కోళ్ళు తిన్న రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని నేను ఆలోచించింది ఇదే. గాజు తొట్టెలో తొమ్మిదీ, మిగిలిన ఈ మూడూ ప్రాజెక్టుకి చాలవు; ఇంకో ఇరవై మూడు పిల్లకప్పలు కావాలి. ఆ వానాకాలంలో ఊళ్ళో కప్పలకి కొరత లేదు. చెప్తే చెల్లి ఏడుస్తుంది. చెప్పకుండా బాగుచేస్తే ఏడవదు. స్టోర్సులో మేము చేసేది అదే గదా. ఎవరినీ మోసం చెయ్యాలని నాకు లేదు. అసలు మోసం అన్న మాటే తట్టలేదు. స్టాకులో కొరత ఏర్పడింది, భర్తీ చెయ్యాలి, అంతే.

మూడు సాయంత్రాలు కోహ్కా వైపు మురుగు కాలవ గట్టునా, మా వెనక పొలాల్లోనూ టార్చి, తేనె సీసా పట్టుకు తిరిగాను. కనపడినవల్లా తేలేదు. నాకూ ఒక పద్ధతి ఉంది. నోటుబుక్కులో కిందటి ఆదివారం కొలతలు చూసి, వారానికి ఎంత పెరుగుతున్నాయో లెక్కగట్టి, నాన్న వెర్నియరుతో ఒక్కొక్క కప్పనీ కొలిచి, అర మిల్లీమీటరు తేడా లోపల ఉన్నవాటినే తీసుకున్నాను. పొడుగైనవాటినీ పొట్టివాటినీ మర్యాదగా కాలవ దగ్గర దింపి వచ్చాను. ఇరవై మూడు కుదిరాయి. నా ఉద్యోగంలో అంత నిజాయితీగా నేను ఏ బేరింగూ కొలవలేదు.

మధ్యలో ఒక రోజు నాన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చి, పళ్ళు తోముకుంటూ, కప్పలన్నీ ఉన్నాయా అని అడిగాడు. ఇరవై ఆరూ ఉన్నాయన్నాను. నోటుబుక్కులో కూడా రోజూ అదే రాశాను. నాలుగో రోజునుంచి పన్నెండో రోజుదాకా, గుండ్రటి అక్షరాలతో, 'ఇరవై ఆరు, అన్నీ కులాసా' అని. 'కులాసా' నేను సొంతంగా చేర్చింది.

అమ్మా చెల్లీ శనివారం రాత్రి దిగారు. ఆదివారం పొద్దున్న చెల్లి పెరట్లో పీట వేసుకుని, దూది తడిపి, భూతద్దం తీసింది. నేను కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను, మెచ్చుకోలు ఏమైనా ఉంటే దగ్గర్లో ఉండడం మంచిదని. మొదటి కప్పని కొలిచింది. రెండోదాన్ని కొలిచింది. తరవాత కొలవడం మానేసి వరసగా అన్నిటినీ భూతద్దంలో చూసింది. చెంచాతో మూడింటిని తీసి వేరే గిన్నెలో వేసింది.

"ఈ మూడూ నావి. మిగతావి ఎవరివి అన్నయ్యా?"

"ఏటి ఎవరివి? అన్నీ నీవే. లెక్కపెట్టుకో."

"లెక్క సరిగ్గానే ఉన్నాది. అందుకే అడుగుతున్నాను. పన్నెండు రోజుల్లో ఒక్కటంటే ఒక్కటి చావలేదా?"

నేను కాఫీ తాగాను. చల్లారిపోయింది గాని తాగాను. తను నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టి భూతద్దం చేతికిచ్చింది. గిన్నెలో మూడింటి వీపూ నున్నగా ఉంది, అక్కడక్కడ సూదిమొనంత మచ్చలు తప్ప. కళ్ళ వెనక ఏమీ లేదు. రేకులో వాటికి వీపునిండా సన్నటి బుడిపెలు, వాటి కొసలు నల్లగా. కళ్ళ వెనక రెండు పక్కలా సన్నటి గట్టు లేచి ఉంది. పుల్లతో తాకితే చెల్లి కప్పలు ఎగిరి పారిపోయాయి. నావి పారిపోలేదు. తల దించి, ఆ గట్టు మన వైపు తిప్పి, కావాలంటే కరుచుకో అన్నట్టు నిలబడ్డాయి. ఇవి ముందే పుట్టినవి, మురుగు కాలవలో సరైన తిండి లేక పొడుగు పెరగనివి. పొడుగు ఒకటే గాని వయసు వేరు. చెల్లి ఇంట్లో దినదినం చెదలు తిని నెల తిరక్కముందే అంత అయినవాటిని, నేను బయట ఎన్నాళ్ళనుంచో బతుకుతున్నవాటితో జత కలిపాను. వెర్నియరుకి పొడుగే తెలుసు. నాకు వెర్నియరే తెలుసు.

అప్పుడు చెప్పాను. ఇటిక, కోళ్ళు, కోహ్కా కాలవ, అన్నీ. చెల్లి మొహం చూడకుండా జామచెట్టుని చూస్తూ చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నోటుబుక్కు, పెన్సిలు తీసుకుని తిన్నగా పక్కింటికి వెళ్ళింది. చాచీని ఒక గంటసేపు అడిగింది. కోడి ఒక్కొక్కటీ ఎన్ని తిని ఉంటుంది, తిన్నాక ముక్కు నేలకేసి రాసిందా, కక్కిందా, నీళ్ళు ఎక్కువ తాగిందా, తరవాత గుడ్డు ఎప్పుడు పెట్టింది. ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పింది. సాయంత్రందాకా పీట వేసుకుని చూసిన మనిషి గదా.

తిరిగి వచ్చి, నోటుబుక్కులో ఆ పేజీ నా ముందు పెట్టింది.

"గట్టెక్కిన ఇన్ని రోజులకి ఇరవై మూడు పిల్లల్ని కోళ్ళు తిన్నాయి, కోళ్ళకి ఏటీ కాలేదు. దీనికోసం నేను మళ్ళీ ఒక ప్రయోగం పెట్టాలనుకున్నాను. ఇది నువ్వు ఆ రోజు రాసుంటే చాలు అన్నయ్యా."

పక్క పేజీలో నా గుండ్రటి అక్షరాలు ఉన్నాయి. ఇరవై ఆరు, అన్నీ కులాసా.

సోమవారం తను నోటుబుక్కు గైడుకి చూపించింది. దాచలేదు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కోళ్ళు తినడం తప్పు కాదమ్మా అన్నాడట. కాని తొమ్మిది రోజులు ఎవరో అబద్ధం రాసిన పుస్తకంలో మిగతా రోజులు నిజమని నేనెలా సంతకం పెట్టను, వచ్చే వానలకి మళ్ళీ చెయ్యి, అప్పుడు ఉత్తరం సంగతి చూద్దాం అన్నాడట. ఏడాది పోయింది. చెల్లి ప్లాంటు టౌన్‌షిప్‌లో సెక్టార్ బళ్ళో టీచరుగా చేరి, పిల్లలకి పువ్వు భాగాలు చెప్పుకుంటూ ఆ ఏడాది గడిపింది.

ఇంట్లో నన్ను ఎవరూ తిట్టలేదు. అమ్మ నాకు అన్నం వడ్డించేది, ఇంకొంచెం వేసుకోమని అడగడం మానేసింది. నాన్న మాత్రం ఒక రోజు వెర్నియరుకి నూనె రాస్తూ, మా మిల్లులో కూడా ఒకదాని బదులు ఒకటి వేస్తామురా అన్నాడు. వేసినప్పుడు ఎర్ర చీటీ ఒకటి కడతాం, అసలుది కాదని తరవాత షిఫ్టువాడికి తెలియాలి గదా అన్నాడు. "నీ చీటీ ఏదీ?" అని అడిగి, వెర్నియరు పెట్టెలో పెట్టుకున్నాడు. స్టోర్సులో మేమూ చీటీమీద రాస్తాం. ఆ పని నేను రోజుకి పదిసార్లు చేసేవాణ్ణి. ఇంటికి వచ్చేటప్పుడు ఆ అలవాటు గేటు దగ్గర వదిలేసి వచ్చానని అప్పుడు తెలిసింది.

మరుసటి వానలకి చెల్లి మళ్ళీ గుడ్లు తెచ్చింది. నేను ఈసారి కర్రచట్రంతో, సన్న వలతో, మడతబందులూ గొళ్ళెమూ ఉన్న మూతతో ఒక పెట్టె చేయించి తెచ్చాను. చాలా బాగుందంది, వాడుకుంది. ప్రతి ఆదివారం తను కొలుస్తుంటే దూది తడిపి ఇచ్చేవాణ్ణి. నున్నటి వీపుమీద మొదటి బుడిపెలు ఏ వారం కనపడ్డాయో, కళ్ళ వెనక గట్టు ఏ వారం తేలిందో నేను కూడా చూశాను. ఇంకొన్ని వారాలకి ఒకదాన్ని గాజుముక్కల మధ్య పెట్టి మెల్లగా నొక్కితే ఆ గట్టుమీద, చూడాలనుకుంటేనే కనపడేంత, తెల్లటి చుక్క ఒకటి వచ్చింది. చెల్లి ఊపిరి బిగబట్టి దాన్ని చూసింది. మా ఇంట్లో ఉద్యోగం ఆర్డరు వచ్చిన రోజు కూడా ఎవరూ కాగితాన్ని అలా చూడలేదు.

ఆ చుక్క వచ్చిన వారంలోనే రాయపూర్‌లో తనకి నాలుగు రోజులు పని పడింది, పెద్ద కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు చూసుకోవాలి. నేను సెలవు పెట్టేశాను, అడక్కుండానే. సైకిలు టైర్లు రెండూ మార్పించాను. బయల్దేరే రోజు పొద్దున్న చూస్తే చెల్లి పెరటి కంచె దగ్గర చాచీకి పెట్టె గొళ్ళెం ఎలా వెయ్యాలో చూపిస్తోంది. నోటుబుక్కు, దాచమని ఇచ్చిన వెర్నియరు కూడా ఆవిడ చేతిలోనే ఉన్నాయి. చాచీకి చదువు రాదు. ఒక్కొక్క కప్పకి ఒక్కొక్క గీత గీస్తే చాలని చెల్లి చెబుతోంది. ఆవిడ కాళ్ళ దగ్గర ఆ మూడు కోళ్ళూ మట్టి కెలుకుతున్నాయి.

రిక్షాలో సంచీ పెడుతూ అడిగాను. నేను ఇంట్లో ఉండగా, సెలవు కూడా పెట్టి ఉండగా, కప్పల్ని తీసుకెళ్ళి కోళ్ళున్న మనిషికి అప్పగించడం ఏమిటని. నవ్వుతూనే అడిగాను.

చెల్లి రిక్షా ఎక్కి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నా వైపు చూసింది.

"ఆవిడ కోళ్ళు తింటే తిన్నాయని చెప్తాది అన్నయ్యా. నువ్వు చెప్పవు."